కామాటిపురలో గుర్రపు మాలీసు

మా అక్క కూతురి చదువు సంగతి తేల్చడానికని మేము మొన్న ఒక ఆదివారం గ్రాంట్ రోడ్‌కు బయలుదేరాము. మా బావ టెలిఫోనులో చెప్పిన మాటలు మాకు సగమే అర్థమయ్యాయి. పిల్ల బి.కాం. పూర్తిచేసింది, ఒక ఆఫీసులో ఏడాదిపాటు లెక్కలు రాసింది, ఇప్పుడు అది మానేసి గుర్రాలకు ఒళ్ళు పట్టే విద్య నేర్చుకుంటానంటోందట! విదేశాల నుంచి కంప్యూటరు మీద పాఠాలు చెబుతారట, చివర ఒక సర్టిఫికెట్టు ఇస్తారట, రుసుము లక్షా ఇరవైవేల రూపాయలట. "మేనమామవు, నీ మాట వింటది. వచ్చి రెండు చీవాట్లు పెట్టి పో" అన్నాడు బావ. చీవాట్లు పెట్టేవాళ్ళకు ముందు విషయం తెలిసి ఉండాలి గదా. అందుచేత రెండు రాత్రులు కూర్చుని ఆ విద్య ఏమిటో చదివాము. చదివినకొద్దీ చీవాట్ల మీద ఉత్సాహం తగ్గింది, రుసుము మీద అనుమానం పెరిగింది.

గ్రాంట్ రోడ్ అంటే మన వాళ్ళకు స్టేషను పేరు, పేట పేరు, చిరునామా, అన్నీ అదే. 1835 నుంచి 1838లో చనిపోయేదాకా బొంబాయి గవర్నరుగా ఉన్న సర్ రాబర్ట్ గ్రాంట్ పేరిట ఆ రోడ్డు వెలిసింది. బోర్డుల మీద ఇప్పుడు మౌలానా షౌకత్ అలీ రోడ్ అని ఉంటుంది. నగరమే ముంబై అయినా మా నోటికి బొంబాయి పోనట్లే, గ్రాంట్ రోడ్డూ పోలేదు. స్టేషను తూర్పు వైపు దిగి నడిస్తే పీలా హౌస్ వస్తుంది. పీలా అంటే హిందీలో పసుపుపచ్చ గనుక అక్కడేదో పచ్చని మేడ ఉంటుందని కొత్తవాళ్ళు వెతుకుతారు. ప్లే హౌస్ అన్న ఇంగ్లీషు మాట జనం నోట అరిగి అట్లా అయింది. ఒకప్పుడు నాటకశాలలు, ఆ తరువాత సినిమా హాళ్ళు. దాన్ని దాటితే ఫాక్‌లాండ్ రోడ్, అక్కడినుంచి కామాటిపుర గల్లీలు. ఆ గల్లీలకు పేర్లకన్నా నంబర్లే గుర్తు.

ఇది మన వాళ్ళ పేరు మోస్తున్న పేట. కామాటి అంటే మట్టిపని, రాతిపని, కట్టుబడి పని చేసేవాడని చదువరులకు చెప్పనక్కరలేదు. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెలార్డ్ అనే కట్ట కట్టి సముద్రపు పోటును ఆపిన మీదట, బొంబాయి దీవుల మధ్య ఉన్న పల్లపు నేలలు కొంచెం కొంచెంగా గట్టిపడ్డాయి. నిజాం రాజ్యం వైపునుంచి పనికోసం వచ్చిన తెలుగువాళ్ళు ఆ నేలమీద గుడిసెలు వేసుకున్నారు. ఊరికి రోడ్లు వేశారు, మేడలు లేపారు. ఈనాడు కామాటిపుర అనగానే బయటివాళ్ళు ఒక్క సంగతే తలుచుకుని మొహం మరోరకంగా పెడతారు. ఆ సంగతి ఉన్నది, కాదనము. కాని అదే గల్లీలలో పొద్దున్నే నల్లా దగ్గర తెలుగు వినిపిస్తుంది. తంగేడు పువ్వు దొరక్క బంతిపూలతోనే బతుకమ్మను పేర్చే ఇళ్ళు ఉన్నాయి. పాత చాళ్ళు పడగొట్టి మేడలు కడతారన్న మాట ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉన్నది. మా బావ ఖోలీకి ఎక్కే చెక్క మెట్లు మాత్రం మేము పిల్లలప్పుడు ఎట్లా మూలిగేవో ఇప్పుడూ అట్లాగే మూలుగుతున్నాయి.

మెట్ల పైన, వరండా చివర, ముక్కాలిపీట మీద మా బావ తండ్రి కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి. చాల్ అంతటికీ ఆయన సైసు తాత, మాకు సైసు మామ. నిజామాబాద్ వైపు పల్లెనుంచి పదమూడో ఏట తండ్రి వెంట వచ్చాడు. తండ్రిది రాతిపని. కొడుకుకు సుత్తి పట్టడం నచ్చక, దగ్గరలోని విక్టోరియా బగ్గీల తబేలాలో నీళ్ళు మోసే కుర్రవాడుగా చేరాడు. అక్కడే సైసు అయినాడు. నడుమ కొన్నేళ్ళు మహాలక్ష్మిలో పందెపు గుర్రాల దగ్గర చేసి, మళ్ళీ బగ్గీల దగ్గరికే వచ్చాడు. పందెపు గుర్రాలు వానాకాలంలో పూనాకు పోతాయి, ఆయనకు ఇల్లు వదిలి ఉండడం పడలేదు.

ఈ వైపంతా ఒకప్పుడు గుర్రాల రాజ్యం. గుర్రప్పందేలు మొదట బైకుల్లాలో జరిగేవి, 1883 నుంచి మహాలక్ష్మి మైదానానికి మారాయి. ట్రాములు కూడా గుర్రాలు లాగినవే. 1874 మే 9న కొలాబా నుంచి పైధోనీకి మొదటి గుర్రపు ట్రాము నడిచినప్పుడు ఆ కంపెనీ సాలలో 900 గుర్రాలు ఉండేవట. ఎండకు వాటి తలలకు దొరలు పెట్టుకునే బెండు టోపీల వంటివి తొడిగేవారట! 1905 ఆగస్టు 1న ఆఖరి గుర్రపు ట్రాము నడిచింది. రెండేళ్ళకు కరెంటు ట్రాములు వచ్చాయి, 1964 మార్చి 31తో అవీ పోయాయి. సైసు మామకు పని నేర్పిన పెద్ద సైసు తండ్రి గుర్రపు ట్రాముల సాలలో పనిచేసినవాడట. కనుక ఆయన చేతికి వచ్చిన పని, చెయ్యి మార్చుకుంటూ వచ్చినదే. పుస్తకంలోది కాదు.

మేము వెళ్ళేసరికి పిల్ల ఇంట్లో లేదు. అక్క చాయ్ ఇచ్చి, దండెం మీది చీర సర్దే నెపంతో మొహం అటు తిప్పుకుని, "దాని పెండ్లికని కూడబెట్టిన పైసలు" అన్నది. అంతకు మించి అనలేదు.

బావ ఆ పాఠాల పట్టిక మా చేతిలో పెట్టాడు. మర్దన ఉన్నది, కాళ్ళు మెడ సాగదీయడం ఉన్నది. చైనావాళ్ళు సూదులు గుచ్చే చోట్లను వేళ్ళతో నొక్కడం, వెన్నుపూసలు సర్దడం, పూల అర్కాలు, అయస్కాంతాలు, చివరికి చెయ్యి తగలకుండా దూరం నుంచే శక్తి పంపడం కూడా ఉన్నది. ఈ చివరిదానికి లక్షా ఇరవైవేలలో ఎంత వాటా పోతుందో వేరుగా రాయలేదు.

నవ్వి ఊరుకోదగిన సంగతి కాదు. మర్దనకు పెద్ద చరిత్రే ఉన్నది. అమెరికాలో జాక్ మీగర్ అనే ఆయన ఆటగాళ్ళకు చేసే మర్దనను గుర్రాలకు మళ్ళించాడు. లిండా టెలింగ్టన్ జోన్స్ అనే ఆవిడ, మనుషుల కదలికలను సరిదిద్దే ఫెల్డెన్‌క్రైస్ అనే పండితుడి వద్ద 1970లలో నేర్చుకుని, గుర్రపు చర్మం మీద వేళ్ళతో ఒకటింపావు చుట్టు తిప్పే పద్ధతి ఒకటి పెట్టింది. అది దేశదేశాలకూ పాకింది. మన వైపు చూస్తే శాలిహోత్రుడి పేరు ఎంత పాతదంటే, గుర్రాల వైద్యుణ్ణి ఉత్తరాదిలో సలోత్రి అనడం ఆ పేరు నుంచే వచ్చింది. నకులుడు విరాటరాజు కొలువులో దామగ్రంథి అన్న పేరుతో గుర్రాలనే కాచాడు గదా. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం రాశాడు. గుర్రాన్ని చేత్తో కాచుకోవడం మనకు ఎవరో అమ్మవలసిన సరుకు కాదు.

అయితే ఈ చేతి వైద్యాలు నిజంగా జబ్బును నయం చేస్తాయా? స్వీడన్, ఫిన్లాండు దేశాల పరిశోధకులు కొందరు 2021, 2022లలో ప్రపంచంలో ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలన్నీ పోగుచేసి, ఒక్కొక్కదాన్నీ జల్లెడ పట్టారు. అయస్కాంతాలు మొదలు మర్దన వరకు, నయమవుతుందని గట్టిగా చెప్పడానికి తగిన రుజువు లేదని తేల్చారు. పనికిరావని తేలలేదు సుమా, రుజువు చాలదని తేలింది. ఈ రెంటికీ తేడా ఉన్నది. కాని రుజువు చాలనిదానికి లక్షలు ఇవ్వమనేవాడు ఆ మాట ముందుగా చెప్పడు.

మాకు నచ్చిన పరిశోధన మరొకటి ఉన్నది. 1993లో క్లాడియా ఫే, మరొకావిడ కలిసి ఫ్రాన్సులో కామార్గ్ గుర్రాలను చూశారు. గుర్రాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడి పళ్ళతో ఒకదానినొకటి గోక్కుంటాయి. ఎక్కువగా మెడ మొదట్లో, జూలు ముగిసే గట్టు దగ్గర. మనిషి అదే చోట గోకితే గుర్రపు గుండె కొట్టుకోవడం నెమ్మదించింది. వేరేచోట గోకితే నెమ్మదించలేదు. ఈ మాట సైసు మామతో చెప్పాము. ఆయన నవ్వాడు.

"గది తెల్సుకోనికి ఫ్రాన్సు పోవాల్నా? తబేలాల కొత్త గుర్రం అస్తే మేం ఫస్టు ఆడనే చెయ్యేసేది."

మాలీసు ఎట్లా చేసేవారని అడిగాము. ఆయన పీట ముందుకు జరుపుకున్నాడు. మా తాతల కాలంలో ఇళ్ళలో వినిపించిన మాటలు చాలా రోజులకు చెవిన పడ్డాయి. ముందు గొరపంతో ఎండిన చెమట, మట్టి రాలగొట్టాలి. ఎముక పైకి తేలిన చోట గొరపం తగలకూడదు. తరువాత బ్రష్షు. ఆ మీదట ఎండుగడ్డిని పేని, తడిపి, చుట్టలాగా చేసి, కండ ఉన్న చోటల్లా తాళంగా తట్టి రుద్దాలి. చివరికి ఉత్త చెయ్యి. అరచెయ్యి, మోచెయ్యి దాకా ముంజెయ్యి, దానిమీద మనిషి బరువు. ఒక్కొక్క గుర్రానికి ముప్పావు గంటకు తక్కువ కాదు. రోజంతా బగ్గీ లాగి వచ్చిన గుర్రం అట్లా నిలబడి కింది పెదవి వేలాడేసేదట.

గుర్రపు శరీరంలో ఒక వింత ఉన్నది. మనకున్నట్లు దానికి కంటె ఎముక లేదు. ముందుకాళ్ళు మొండేనికి ఎముకతో అతికి ఉండవు, కండలతో నరాలతో ఊయల కట్టినట్లు వేలాడుతుంటాయి. నిలబడిన గుర్రం బరువులో అయిదింట మూడు వంతులు ఆ ముందుకాళ్ళ మీదే పడుతుంది. గట్టి రోడ్డు మీద గిట్ట పడ్డ ప్రతి దెబ్బా ఆ ఊయలే మోయాలి. బొంబాయి రోడ్ల మీద బగ్గీ గుర్రం పడిన కష్టం ఇంతా అంతా కాదు. 1965 నాటి ప్రభుత్వ నిబంధనల ప్రకారం బరువు లాగే పశువుచేత రోజుకు 9 గంటలకు మించి, మధ్యలో విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదు. వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలే కట్టకూడదు. నిబంధన ఎన్ని రోజులు పాటించారో సైసు మామను అడిగితే ఆయన గోడవైపు చూశాడు.

2015 జూన్‌లో బొంబాయి హైకోర్టు సరదా సవారీల బగ్గీలు చట్టవిరుద్ధమని చెప్పి, ఏడాదిలో ఆపించమన్నది, దాని మీద బతికేవాళ్ళకు వేరే దారి చూపమన్నది. 2021లో గుర్రం లేని బ్యాటరీ బగ్గీలు వచ్చాయి. పెద్దాయన దీనికి బాధపడి ఉంటాడని మేము అనుకున్నాము. "గుర్రానికి మంచిదే అయింది. డాంబరు మీద దానికేం సుఖం? సైసుగాండ్లనే ఎవ్వలు అడుగలే, మీకేం ఎరుక అని" అన్నాడు. అంతే. మళ్ళీ గొరపం సంగతికి వెళ్ళిపోయాడు.

ఇంతలో పిల్ల వచ్చింది. బట్టలనిండా గడ్డి. మమ్మల్ని చూసి నవ్వి, వెంటనే తండ్రి మొహం చూసి నవ్వు ఆపుకుంది. వారం రోజులుగా ఈ పేట అంచున ఒక షెడ్డులో ఉన్న పెళ్ళిగుర్రం దగ్గరికి పోతున్నదట. బగ్గీలు పోయినా పెళ్ళికొడుకు ఊరేగింపుకు ఘోడీ కావాలి గదా. ఆ తెల్ల ఆడగుర్రం ముందరి ఎడమకాలు దాచుకుని నడుస్తున్నది. యజమానికి ఆ రాత్రే పెళ్ళి ఒప్పుకోలు ఉన్నది. పిల్ల కంప్యూటరులో చూసిన విధంగా భుజమూ మెడా పడుతున్నది.

"మంచిగైతుంది మామా. నేను నొక్కంగనే తల కిందికి దించుతది, నాలుకతోని పెదవులు నాకుతది, ఆవులిస్తది. నొప్పి వదిలినట్లే అని పాఠంల చెప్పిన్రు" అన్నది. ఆ కళ్ళలో వెలుగు చూశాక, తెచ్చుకున్న చీవాట్లు మా జేబులోనే ఉండిపోయాయి.

సైసు మామ అంతా విని, "ఎన్ని దినాలైంది కుంటవట్టి?" అని అడిగాడు.

"ఎనిమిది, తాతా."

"లాడం ఎప్పుడు కొట్టిన్రు?"

పిల్లకు తెలియదు. ఆయన కర్ర అందుకుని లేచాడు. మూడు నెలలుగా మెట్లు దిగని మనిషి! బావ వద్దంటూనే ఒక రెక్క పట్టాడు, మేము రెండోది పట్టాము. ఆ చెక్క మెట్లు దిగడానికే పావుగంట పట్టింది. వీధిలోకి వచ్చాక మాత్రం, అలవాటైన దారి గనుక కాబోలు, మా చేతులు విదిలించుకున్నాడు.

షెడ్డు ఇరుకైనది, కాని శుభ్రంగానే ఉన్నది. గోడకు జరీ జీను, అద్దాల కళ్ళెం వేలాడుతున్నాయి. తెల్ల గుర్రం ఎడమ ముందరి గిట్ట మునివేలి మీద ఆనించి నిలబడింది. యజమాని పెద్దాయనను గుర్తుపట్టి సలాం చేశాడు. పెద్దాయన గుర్రం ఎదుటికి పోలేదు. పక్కనుంచి, దానికి కనబడేటట్లు వచ్చి, జూలు ముగిసేచోట చెయ్యి వేసి ఊరికే నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడంటే, యజమాని గడియారం చూసుకున్నాడు.

తరువాత చెయ్యి భుజం మీదికి జారింది. భుజం నొక్కాడు, మోచెయ్యి మడత నొక్కాడు, పిక్క వెనక నరాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టి కిందిదాకా దించాడు. గుర్రం కదలలేదు. ఆ వయస్సులో వంగలేక, గోనెసంచి వేయించుకుని నేలమీదనే కూర్చున్నాడు. ముందు కుడి గిట్ట పట్టుకున్నాడు, మంచి కాలు. ఆ తరువాత ఎడమది. మళ్ళీ కుడిది. చీలమండ వెనక రెండు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఇటు రా బిడ్డా. గీడ పట్టు."

పిల్ల కూర్చుని వేళ్ళు ఆనించింది. కుడికాలికి ఏమీ తెలియలేదన్నది. ఎడమకాలి మీద వేళ్ళు పెట్టి ఉలిక్కిపడింది. నాడి సుత్తితో కొట్టినట్లు కొడుతున్నదట. గిట్ట కూడా రెండోదానికన్నా వెచ్చగా ఉన్నది.

"భుజంల ఏం లేదు. లోపట చీము వట్టింది. నువ్వు వారం దినాలు పైన మాలీసు జేసినవు, బాధ కింద ఉన్నది."

"మరి తల దించింది గదా తాతా?"

"దించుతది. నీ చెయ్యి దానికి సుఖమైంది. నొప్పి పోయినట్టు గాదు గది. పంటినొప్పోనికి కాళ్ళు పిసికితే నిద్ర రాదా?"

అప్పుడు, ఆ గోనెసంచి మీద కూర్చునే, మాకెవరికీ ఎన్నడూ చెప్పని మాట ఒకటి చెప్పాడు. ఆయన కుర్రతనంలో తబేలాలో ఒక ఎర్రగుర్రం ఇట్లాగే కుంటింది. నూనె పట్టించారు, ఆవిరి పట్టారు, తగ్గలేదు. భుజం పట్టుకున్నదని తీర్మానించి వాతలు పెట్టారు. తల కదలకుండా పట్టుకున్నది ఈయనే. వాతలు మానేలోగా గిట్ట అంచున చీము పగిలి బయటపడింది. లాడం మేకు ఒకటి తప్పుగా దిగి ఉన్నది. అప్పటికి ఆలస్యమైంది. పరేలు ఆసుపత్రికి నడిపించుకుపోదామంటే గుర్రం లేవలేదు. "నేనే వట్టుకున్న తలకాయ. నన్నే చూస్తున్నది" అని ఆగిపోయాడు. అందుచేతనే కాబోలు, ఆ తరువాత ఏ గుర్రం కుంటినా ముందు గిట్ట చూడనిదే మాలీసు మొదలుపెట్టేవాడు కాదట.

కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం మన పల్లెల మూఢత్వమే అనుకోకూడదు. ఇంగ్లండులో గుర్రపు డాక్టర్లే నరం దెబ్బతిన్న కాళ్ళకు ఆ పని చేసేవారు. 1983లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంవాళ్ళు గుర్రాల మీద పరీక్షించి, దానివల్ల నరం బాగుపడడం లేదని చూపించారు. అక్కడి పశువైద్యుల రాయల్ కాలేజి దాన్ని అనుచితమన్నది 1991లో. పెద్ద చదువులకు కూడా పాత అలవాటును వదలడానికి అంతకాలం పట్టింది.

పరేలు ఆసుపత్రి అంటే బాయి సకర్‌బాయి దిన్షా పెటిట్ పశువుల ఆసుపత్రి. 1874లో ఏర్పడిన జీవహింసా నివారణ సంఘంవారిది, మిల్లుల యజమాని దిన్షా మానెక్‌జీ పెటిట్ భార్య పేరు మీద వెలిసింది. 1886లో దాని పక్కనే పశువైద్య కళాశాల పెట్టారు. బొంబాయి బగ్గీ గుర్రాలకు ఆఖరి ఆశ అదే. పెళ్ళిగుర్రాన్ని ఆ కాలితో అంతదూరం నడిపించడం మంచిది కాదని సైసు మామ అనడంతో, యజమాని తనకు తెలిసిన డాక్టరుగారికి టెలిఫోను చేశాడు. చేసేముందు కొంచెం గొణిగాడు. ఆ రాత్రి పెళ్ళివారు బయానా ఇచ్చి ఉన్నారు. గుర్రం లేదంటే పోయేది ఒక్క ఆ రాత్రి కిరాయి కాదు, మాట కూడా పోతుంది. అతని ఇల్లూ దానిమీదే నడవాలి.

డాక్టరుగారు స్కూటరు మీద గంటలో వచ్చారు. పడుచు మనిషి. పెద్దాయన చెప్పింది విసుగుపడకుండా విన్నారు, అది మాకు సంతోషం కలిగించింది. లాడం ఊడదీశారు. పటకారువంటి సాధనంతో గిట్ట చుట్టూ నొక్కుతూ వచ్చి ఒకచోట ఆగారు. గుర్రం కాలు గుంజుకుంది. ఆ చోటనే వంకర కత్తితో సన్నగా చెక్కారు. నల్లని చీము చిమ్మింది. ఆ వాసన రాయడానికి వీలైనది కాదు. వెచ్చని నీళ్ళలో ఎప్సం ఉప్పు వేసి కాలు నానబెట్టించి, పట్టీ కట్టి, ధనుర్వాతం రాకుండా సూది వేశారు. గుర్రానికి ఆ జబ్బు మనకన్నా సులభంగా అంటుకుంటుందట. కుంటే పశువుచేత పని చేయించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరమని యజమానికి మెత్తగానే చెప్పారు. అతను టెలిఫోను పట్టుకుని, వేరే గుర్రం ఎవరి దగ్గర ఉందో వెతకడానికి బయటికి నడిచాడు.

పిల్ల ఒక మూల నిలబడి ఉన్నది. పోయే ముందు డాక్టరుగారిని, "నేను పైన పట్టినందుకు ఎక్కువైందా సార్?" అని అడిగింది.

"పట్టినందుకు కాదమ్మా. పట్టడంవల్ల తగ్గుతున్నదనుకుని ఎనిమిది రోజులు ఊరుకున్నారు, అందుకు" అన్నారాయన. ఆ తరువాత కొంచెం ఆలోచించి, చీము పోయాక ఇన్నాళ్ళు కుంటిన గుర్రానికి భుజాలూ మెడా బిగుసుకుని ఉంటాయని, అప్పుడు మర్దన హాయిగా ఉంటుందని, తాతగారి దగ్గర నేర్చుకొమ్మని చెప్పారు. మన దేశంలో పశువులకు వైద్యం చేసే హక్కు 1984 చట్టం ప్రకారం రిజిస్టరైన డాక్టర్లదేనని, కంప్యూటరు సర్టిఫికెట్టుతో ఆ హక్కు రాదని కూడా చెప్పారు. డాక్టరు చదువు చదవాలంటే పన్నెండో తరగతిలో జీవశాస్త్రం ఉండాలి. మా పిల్లది కామర్సు.

మా అభిప్రాయం చెప్పవలసింది గదా, వచ్చిన పనే అది. తిరిగి వచ్చాక చాల్ వరండాలో చెప్పాము. ఆ రుసుము కట్టవద్దన్నాము. గుర్రాల పని మానవద్దని కూడా అన్నాము. డాక్టరుగారి వెంట సంచి మోస్తూ ఒక ఏడాది తిరుగు, పొద్దున ఒక పూట ఆఫీసు లెక్కలు రాసుకో, మిగిలిన పూట తాత దగ్గర కూర్చో అన్నాము. బావ మొహం చిట్లించాడు, చీవాట్లు పెట్టడానికి పిలిస్తే సలహాలిచ్చి పోతున్నామని. అక్క ఏమీ అనలేదు గాని చాయ్ రెండోసారి ఇచ్చింది. పిల్ల ఒప్పుకున్నట్లా, లేనట్లా మాకు తెలియలేదు. "తాతకు సర్టిఫికెట్టు లేదు గద మామా, నాకు పని ఎవరిస్తరు?" అన్నది. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

సాయంత్రం స్టేషనుకు పోతూ మేము మళ్ళీ షెడ్డు మీదుగానే వెళ్ళాము. పట్టీ మార్చే వేళ అయిందని తాతా మనుమరాలూ అప్పటికే అక్కడ ఉన్నారు. దూరంగా ఫాక్‌లాండ్ రోడ్ వైపు ఏదో పెళ్ళి ఊరేగింపు బ్యాండు మేళం వినిపించింది. గుర్రం చెవులు నిక్కబొడిచి, కట్టు కట్టిన కాలిమీదనే ఒక అడుగు వేయబోయింది. పెద్దాయన చెయ్యి జూలు గట్టు మీదికి వెళ్ళింది. గుర్రం ఆగింది. పిల్ల తొందరగా ఎడమకాలి దగ్గర కూర్చోబోయింది.

"ఆగు. ఫస్టు మంచి కాలు వట్టు" అన్నాడు ఆయన.